సుంకం గడ్డ, మూడో పొర

నాది పెద్ద పనేం కాదు.
జల్లెడల మిగిలినదాన్ని కడిగి
గోనెపట్టా మీద ఆరబెట్టి
పెంకు పెంకుకు నెంబరు రాసుడు.
సుంకం గడ్డ, నాలుగో గుంట, మూడో పొర.
ఇంకు ఆరేదాక ఊదుకుంట కూసునుడు.

కోటపల్లి దాటినంక ప్రాణహిత ఒడ్డున
పత్తిచేన్ల నడుమ ఈ దిబ్బ.
ఎవలకు కట్టిండ్రు ఈడ సుంకం అంటే
'ఎవలొస్తే వాళ్లకు' అని నవ్వుతది జాడి బానక్క
తట్ట నెత్తికెత్తుకుంట.

ఏటికి ఇటు గోలుకొండ, అటు చాందా.
పొద్దుగాల ఒక రాజు, మాపటికి ఇంకో రాజు
అని రాసుకున్న నా నోటుబుక్కుల.
సారు ఎర్రగీత కొట్టిండు.
'ఆధారం?'

ఆధారం అంటే, దొరికింది పొయ్యి.
మూడు పొరలల్ల మూడు పొయ్యిలు
ఒకదాని నెత్తిన ఒకటి
జానెడు పక్కకు జరగలే.
గోడ కూలింది, మళ్ల లేసింది.
ఏటి దిక్కు దర్వాజను రాళ్లతోటి మూసిండ్రు,
ఎవల భయానికో.
పొయ్యి మాత్రం అదే మూల.
బూడిద కింద బూడిద.

కింది బూడిదల రెండు మిరియాలు.
పై బూడిదల
మాడిన మిరపగింజ ఒక్కటి.
తెల్లకాగితం మీద పెట్టి
అందరం ఊపిరి బిగవట్టినం, ఎగిరిపోతదని.
మిరపకాయ ఈ రేవు దిగిన దినానికి
ఫర్మానా లేదు, శాసనం లేదు.
ఎవలో కొంగుల ముడేసుకొచ్చిండ్రు.
ఎవలో 'ఇదేం మంటే' అని
చెంబెడు నీళ్లు తాగి
మళ్ల ఇంత ఏసుకున్నరు.
ఆ మాపటి కూర
ఇయ్యాల్టికీ నా సద్దిగిన్నెల ఉన్నది.

సుంకపు గదిల రెండు తూకం రాళ్లు.
రెండింటి మీదా అదే గీత, అదే చుక్క.
ఒకటి ఇంకోదానికన్నా
పిడికెడు జొన్నలంత తక్కువ.
'అరుగుదల' అని రాయమన్నడు సారు.
కుడ్మెత లచ్చు రెండు చేతులల్ల రెండు పట్టుకొని
చానసేపు నిలవడ్డడు.
తేనె, మైనం, ఇప్పపువ్వు
కావడేసి ఈ రేవు దాటించినోళ్లు అతని తాతలు.
'అరగలే సారూ.
ఇది కొనేటిది. అది అమ్మేటిది.'
నేను అరుగుదల అనే రాసిన.
మా కూలి లెక్కకు కూడా రెండు కాయితాలున్నయి,
అది ఈడ రాసేది కాదు.

యుద్ధం కోసం సారు నెల రోజులు చూసిండు.
కాలిన దూలం లేదు, కత్తిమొన లేదు.
ఆఖరుకు ఒక్క సీసం గుండు,
తుపాకిది, రేగుపండంత.
సారు కండ్లు మెరిసినయి.
దాని నడుమ బెజ్జం ఉన్నది.
ఏం బెజ్జమో పుస్తకాలల్ల దొరకలే.
మట్టి మోసే సాంబక్క, బెస్తామె,
వేలితోటి తిప్పి చూసింది.
'వల గుండు గద ఇది, సారూ.
మా మామ ఇసొంటియి కడుతుండె.'

ఎవల ఛాతికో పోయిన గుండును
ఎవలో ఇసుకల ఏరి, తొలిచి
చేపల మీదికి ఇసిరిండ్రు.
సారు చాయ తాగుడు ఆపి
దూరంగ పోయి ఏరు దిక్కు చూసిండు.

కుట్టిన కుండ సంగతి చెప్పలే.
పగులుకు అటు నాలుగు బెజ్జాలు, ఇటు నాలుగు.
నడుమ పచ్చబడ్డ రాగితీగ.
కుట్టిన కుండల నీళ్లు ఆగవు.
ఉప్పు పోసుకున్నరో, గింజలో,
ఊరికెనే పారెయ్యబుద్ధి కాలేదో.
దాన్ని కడిగినప్పుడు మాత్రం
నాకు చెయ్యి వణికింది.

మిరుగు ముంగట గుంటలు పూడ్చాలె.
మళ్లెప్పుడో తవ్వెటోళ్లకు తెలవాలని
అడుగున ఈ ఏటి రూపాయి బిళ్ల పెడతరు,
అది రివాజు.
బానక్క దిగి పెట్టింది.
సారు జీపు ఎక్కంగనే మళ్ల దిగి
బిళ్ల తీసి
తుడిచి, బొడ్ల దోపుకున్నది.
నా మొకం చూసి
'సుంకం' అన్నది.

రిజిస్టర్ల రాసిన.
నాలుగో గుంట. బిళ్ల పెట్టబడినది.
ఇంకు ఆరేదాక ఊదిన.